సీలేరు వెలుగులో లోయ వాటా

నదిని పొడవుతో కొలవడం మనకు అలవాటు. కరెంటు తీసేవారికి మాత్రం పొడవుతో పనిలేదు. నీరు ఎంత ఎత్తు నుంచి ఎంత లోతుకు దిగుతుంది, ఆ దారిలో దాన్ని ఎన్నిచోట్ల నిలబెట్టవచ్చు అన్నదే వారికి లెక్క. ఆ లెక్కన చూస్తే సీలేరు తన పొడవును మించిన నది. విశాఖ మన్యంలోని మాడుగుల కొండల్లో అది మాచ్‌ఖండ్ పేరుతో పుడుతుంది. తూర్పున సముద్రం అంత దగ్గరలో ఉన్నా అటు పోకుండా ఉత్తరానికి సాగుతుంది. పాడేరు ప్రాంతపు పీఠభూమి మీద వాగులూ గెడ్డలూ కలుపుకొంటూ ఒడిశా సరిహద్దు చేరి, డుడుమ దగ్గర ఆ పీఠభూమి అంచు నుంచి ఒక్కసారిగా కిందికి దూకుతుంది. అక్కడి జలపాతం ఎత్తు దాదాపు 175 మీటర్లు. తర్వాత నైరుతికి మళ్ళి, సీలేరుగా పేరు మార్చుకొని, అడవుల మధ్య రెండు రాష్ట్రాలకు హద్దుగా పారి, మోటు దగ్గర శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం వద్ద గోదావరిని చేరుతుంది.

ఈ దిగుడంతటినీ ఇంజినీర్లు మెట్లుగా మలిచారు. అన్నిటికంటే పైన ఉన్న జోలాపుట్ జలాశయం పూర్తి నీటిమట్టం 2,750 అడుగులు. దాని కింద డుడుమ 2,590 అడుగులు, బలిమెల 1,516, సీలేరు దగ్గరి గుంటవాడ 1,360, డొంకరాయి 1,037. డుడుమకూ బలిమెలకూ మధ్య వెయ్యి అడుగులకు పైగా తేడా ఉంది. ఒనకఢిల్లీలోని మాచ్‌ఖండ్ పవర్‌హౌస్ ఆ తేడాను నమ్ముకొని కట్టిందే. 120 మెగావాట్ల ఆ కేంద్రాన్ని 1955లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. బలిమెలలో నిలిచిన నీరు ఆంధ్రప్రదేశ్, ఒడిశాలకు సమానం. ఒడిశా తన సగాన్ని 510 మెగావాట్ల కేంద్రం గుండా పొట్టేరు వైపు మళ్ళించి మల్కన్‌గిరి పొలాలకు ఇస్తుంది. మన సగం కిందికి వచ్చి ఎగువ సీలేరులో 240, డొంకరాయిలో 25, పొల్లూరు దగ్గరి దిగువ సీలేరులో 460 మెగావాట్ల యంత్రాలను తిప్పుతుంది. అంటే జోలాపుట్‌లో నిలిచిన నీటిలో మన వంతు గోదావరిని చేరేలోపు నాలుగు పవర్‌హౌస్‌లలో పనిచేస్తుంది.

ఆ పని విలువ ఎంతో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక టీఎంసీ అంటే దాదాపు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. అంత నీరు 100 మీటర్ల ఎత్తు నుంచి టర్బైన్ మీద పడితే సుమారు 70 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. ఇంకో 100 మీటర్లు దిగితే మరో 70 లక్షలు. దీనికి బొగ్గు అక్కర్లేదు, నీరు తరిగిపోదు. పవర్‌హౌస్‌లు దాటాక ఆ నీరే శబరి మీదుగా గోదావరిలోకి వెళ్తుంది. దాళ్వా కాలంలో, అంటే రెండో పంట వేళ, గోదావరి సహజ ప్రవాహం సన్నగిల్లినప్పుడు, డెల్టా వరిచేలను కాపాడేది చాలావరకు ఈ సీలేరు నీరే. ఒకే నీరు కొండల్లో దీపమై, కోనసీమలో పైరై రెండు పంటలు పండిస్తోంది.

అయినా ఈ లోయ అసలు విలువ యూనిట్ల మొత్తంలో లేదు, అవి వచ్చే వేళలో ఉంది. థర్మల్ కేంద్రాన్ని రాజేయడానికి గంటలు పడుతుంది, జలవిద్యుత్ యంత్రం నిమిషాల్లో అందుకుంటుంది. సౌర విద్యుత్తు ఇంతగా పెరిగిన ఈ రోజుల్లో ఆ గుణానికి గిరాకీ మరింత పెరిగింది. మధ్యాహ్నం కరెంటు మిగులుతుంది. పొద్దు వాలి ఇళ్ళలో దీపాలు, వీధుల్లో దుకాణాలు వెలిగే వేళకు సౌర ఫలకాలు చేతులెత్తేస్తాయి. అందుకే ఏపీ జెన్‌కో ఇక్కడ 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టు తలపెట్టింది. పగటి మిగులు కరెంటుతో డొంకరాయి నీటిని గుంటవాడకు ఎత్తి పోస్తారు, సాయంత్రం దాన్నే కిందికి వదిలి కరెంటు తీస్తారు. ఈ నది మీద ఇరు రాష్ట్రాలూ ఇన్ని దశాబ్దాల్లో నిలబెట్టిన సామర్థ్యమంతా కలిపితే 1,355 మెగావాట్లు. ఈ ఒక్క ప్రాజెక్టే దాదాపు దానికి సమానం.

దీనిపై వచ్చే మొదటి అభ్యంతరం సహజమైనదే: ఎత్తిపోయడానికి అయ్యే కరెంటు, తిరిగి వచ్చే కరెంటు కంటే ఎక్కువ కదా? నిజమే. నాలుగు యూనిట్లు ఖర్చు చేస్తే దక్కేది మూడు, మహా అయితే మరికాస్త. కానీ కొనేవాడు లేని మధ్యాహ్నపు యూనిట్టుకూ, రాష్ట్రమంతా ఎదురుచూసే సాయంత్రపు యూనిట్టుకూ విలువ ఒకటి కాదు. పోయే పావు వంతు ఆ తేడాకు చెల్లించే రుసుము. రెండో అభ్యంతరం డెల్టా రైతుది: మా దాళ్వా నీరు తగ్గదా? పంప్డ్ స్టోరేజిలో అదే నీరు రెండు జలాశయాల మధ్య ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, ఖర్చైపోదు. అయితే మట్టాలు బాగా పడిపోయిన వేసవిలో కరెంటు గ్రిడ్డు అవసరం ఒక వైపు, పైరు అవసరం మరో వైపు లాగవచ్చు. ఏ మట్టం దగ్గర పంపులు ఆగాలో ముందే రాసుకొని, ఆ మాట మీద నిలబడితే ఆ తగువు తీరుతుంది.

మూడో ప్రశ్న అన్నిటికంటే బరువైనది. ఇంత విలువను మోస్తున్న లోయకు దక్కిందేమిటి? ఈ నది పంపకాలన్నీ రాష్ట్రాల మధ్యే సాగాయి. మాచ్‌ఖండ్‌లో మొదట మద్రాసు, ఒడిశాలది 70, 30 శాతాల ఒప్పందం. తర్వాత అది సమాన వాటా అయింది. బలిమెల నీటి మీద 1962లో ఒప్పందం కుదిరింది. 2014లో రాష్ట్ర విభజన వేళ ఏడు మండలాలతో పాటు దిగువ సీలేరు ఆంధ్రప్రదేశ్‌కు చేరినప్పుడు, 460 మెగావాట్లు చేజారాయని తెలంగాణ బాధపడింది. మెగావాట్ల కోసం ఇంత పట్టుదలగా వాదించినవారు మునిగిన ఊళ్ళ కోసం అలా వాదించలేదు. జోలాపుట్, బలిమెల జలాశయాలు గిరిజనుల పొలాలనూ ఇళ్ళనూ ముంచి నిండినవే. బలిమెల నీళ్ళకు అవతల చిక్కుకుపోయిన దాదాపు 150 గ్రామాలకు పడవే దిక్కయింది. వాటిని బయటి ప్రపంచంతో కలిపే 910 మీటర్ల గురుప్రియ వంతెన 2018 జులైలో గానీ తెరుచుకోలేదు. కరెంటు నగరాలకు చేరిన ఎన్నో దశాబ్దాలకు దారి ఆ ఊళ్ళకు చేరింది.

లోయకు వాటా ఇవ్వాలన్నది కొత్త కోరిక కాదు. ప్రాజెక్టు ఉన్న రాష్ట్రానికి 12 శాతం ఉచిత విద్యుత్తుతో పాటు, మరో 1 శాతం స్థానిక ప్రాంత అభివృద్ధి నిధికి ఇవ్వాలని 2008 జాతీయ జలవిద్యుత్ విధానం చెప్పింది. కానీ 2023 ఏప్రిల్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టులకు ఈ స్థానిక నిధి బాధ్యతను తీసేశాయి. ఇవి పర్యావరణానికి పెద్దగా హాని చేయవు, నిర్వాసితుల సమస్య ఉండదు అన్నది అందుకు చెప్పిన కారణం. ఎవరూ లేని గుట్ట మీద కొత్తగా తొట్టి కట్టుకునే చోట ఆ వాదన నిలుస్తుంది. సీలేరులో నిలవదు. ఇక్కడ కొత్త ముంపు ఉండకపోవడానికి కారణం, నీటిని నిలబెట్టే పనికి ఈ లోయ తన అడవినీ నేలనూ ఎప్పుడో ఇచ్చి ఉండడమే. పాత త్యాగాన్ని పెట్టుబడిగా వాడుకుంటూ కొత్త నష్టమేదీ లేదు గనుక ఇవ్వవలసిందీ లేదనడం న్యాయం కాదు.

కరెంటు అందరిదీ, దాని రాబడి ఖజానాకు చేరి అందరికీ అందుతుంది, చోటుకో వాటా అడిగితే ఎలా అని కొందరు అనవచ్చు. అయితే జలాశయాన్ని నిలబెట్టేది గోడ ఒక్కటే కాదు, ఎగువ కొండల మీది చెట్టు కూడా. వాలు మీద అడవి పోతే మట్టి కొట్టుకొచ్చి జలాశయం పూడిపోతుంది, నిల్వ తగ్గిన మేరకు సాయంత్రపు కరెంటూ తగ్గుతుంది. ఆ చెట్టును ఉంచాలో కొట్టాలో రోజూ తేల్చుకునేది కొండవాలు మీద బతికే కుటుంబం. వారికి వాటా ఇవ్వడం దానం కాదు, నిర్వహణ ఖర్చు. అందుకని పంప్డ్ స్టోరేజి పనులకు ముందే రాష్ట్రం ఒక మాట ఇవ్వాలి. కేంద్రం మినహాయించినా ఆ 1 శాతాన్ని తాను ఇస్తానని ప్రకటించాలి. దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో గ్రామసభలే నిర్ణయించాలి, లెక్కలు తెలుగులో, ఊరి గోడల మీద కనబడాలి. సాయంత్రపు యూనిట్టు ధర కట్టేటప్పుడు నీటి విలువను, యంత్రాల విలువను లెక్కలో రాస్తాం. లోయ విలువను కూడా రాసిన రోజే ఆ ధర నిజమైన ధర అవుతుంది.