పసుపు: కూరలో చిటికెడు, మందులో మోతాదు

పసుపు లేని వంటిల్లు తెలుగునాట కానరాదు. కూరలో చిటికెడు వేయుదురు, జలుబు చేసిన పాలలో కలిపి త్రాగుదురు, గాయమైన అద్దుదురు. ఆహారముగా దీని వలన భయము లేదు. మందుగా వాడునపుడు మాత్రము మూడు ప్రశ్నలు వేసికొనవలెను: ఇది స్వచ్ఛమైనదా? ఎంత వాడవలెను? దేనికి వాడరాదు?

సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ప్రాంతములలో మందుల కర్మాగారములు అనేకము కలవు. మందు ఎంత స్వచ్ఛమో, ఎంత పరిమాణము గలదో పరీక్షించిన పిదపనే బయటికి పంపవలెనని నియమము. ఆ చుట్టుప్రక్కల ఇండ్లలోని పసుపు డబ్బాకు అట్టి కొలత లేదు.

పసుపునకు రంగునిచ్చు పదార్థము కర్క్యుమిన్. దీనిని 1815లో వోగెల్, పెల్లెటియర్ అను శాస్త్రజ్ఞులు వేరుచేసిరి. నూరు గ్రాముల పొడిలో ఇది సుమారు 2 నుండి 5 గ్రాములు మాత్రమే యుండును. అందులోను రక్తములో చేరునది బహు స్వల్పము. మిరియాలలోని పైపరిన్ దానిని ఎక్కువగా చేరనిచ్చునని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపిరి. అందువలననే సారమును తీసి చేసిన మాత్రలు వంటింటి పసుపుతో సమానము కావు. అట్టి మాత్రలు వాడిన కొందరికి కాలేయము వాచుటచే, 2022లో ఇటలీ ప్రభుత్వము వాటిపై హెచ్చరిక ముద్రింపవలెనని ఆదేశించినది. పిత్తాశయములో రాళ్లు గలవారు, కాలేయ వ్యాధి గలవారు, గర్భిణులు, రక్తము గడ్డకట్టకుండ మందులు వాడువారు వైద్యుని అడుగక ఈ మాత్రలు తీసికొనరాదు.

గాయములపై పసుపు వాడుక ప్రాచీనము. 1995లో అమెరికాలో దీనిపై పేటెంటు ఈయగా, భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథములను సాక్ష్యముగా చూపెను. 1997లో ఆ పేటెంటు రద్దయ్యెను. వాడుక పాతదని దీనితో తేలినది. ప్రతి గాయమునకు అదియే మందని తేలలేదు. నేలలో పెరిగిన దుంప గనుక పొడిలో సూక్ష్మజీవులు ఉండవచ్చును. లోతైన గాయమునకు ధనుర్వాతపు టీకా అవసరమేమో వైద్యుని అడుగవలెను. కర్మాగారములో ఆమ్లముగాని క్షారముగాని పడి ఒళ్లు కాలినచో పసుపు పూయరాదు. కనీసము 20 నిమిషములు ధారగా నీళ్లు పోసి ఆసుపత్రికి తీసికొని పోవలెను. పసుపు పూసిన గాయపు లోతు వైద్యునకు సరిగా తెలియదు.

ఇక కల్తీ సంగతి. మెరుపు కొరకు కొమ్ములకు సీసపు క్రోమేటు అను పచ్చని రంగు పూయుట కలదు. బంగ్లాదేశ్‌లో ఇట్టి పసుపు వలన ప్రజల రక్తములో సీసము చేరినట్లు 2019లో పరిశోధకులు కనుగొనిరి. సీసము పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేయును, ఉడికించినను పోదు.

పాఠశాలలో సులభమైన పరీక్ష చేయవచ్చును. గాజుగ్లాసులోని నీటిలో పసుపుకొమ్ము వేయవలెను. వెంటనే నీటిలో చిక్కని పచ్చరంగు దిగినచో అనుమానింపవలెను. పొడిని నీటిలో వేసినపుడు మంచి పసుపు లేతరంగు విడిచి అడుగునకు చేరును; ముదురురంగు దిగినచో కల్తీ ఉండవచ్చును. నిర్ధారణ మాత్రము ప్రయోగశాలలోనే జరుగును.

రంగు మెరుపును చూచి మోసపోక, నమ్మకమైనచోట కొమ్ములు కొని, కడిగి, ఎండబెట్టి ఇంట దంచుకొనుట మేలు. కూరలో చిటికెడు చాలును. మాత్రల రూపమున కావలెనన్నచో వైద్యుని సలహా తీసికొనవలెను.