రెండు వేలు ఎవరి ఖాతాలో పడ్డాయి?

లాక్‌డౌన్ మొదలైన మర్నాడే, 2020 మార్చి 26న, ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ ప్రకటించారు. అందులో రైతుల వాటా: 8.7 కోట్ల మందికి ఏప్రిల్ మొదటి వారంలో రెండేసి వేల రూపాయలు.

అది కరోనా కోసం కొత్తగా ఇచ్చిన డబ్బని చాలామంది అనుకున్నారు. నిజానికి అది పీఎం కిసాన్ వాయిదా. 2019 ఫిబ్రవరిలో మొదలైన ఆ పథకంలో ఏడాదికి ఆరు వేలు మూడు విడతలుగా వస్తాయి. ఏప్రిల్, జూలై నెలల మధ్య ఎప్పుడో పడాల్సిన విడతను ఏప్రిల్ మొదట్లోనే వేశారు. ఇచ్చింది అదనం కాదు, ముందుగా ఇచ్చారు. కోతల వేళ లారీలు ఆగి, కొనేవాడు రాక, చేతిలో పైసా ఆడని రైతుకు అదీ సాయమే.

కొత్తగా వచ్చింది మహిళల జన్‌ధన్ ఖాతాలకు నెలకు 500 చొప్పున మూడు నెలలు. జనం గుమిగూడకుండా ఖాతా నంబరు చివరి అంకెను బట్టి రోజులు కేటాయించారు. 0, 1 ఉన్నవారికి ఏప్రిల్ 3న, 2, 3 ఉన్నవారికి 4న, అలా 8, 9 వారికి 9న. ఆ వారం మాస్కు కట్టుకుని కౌంటర్లో కూర్చున్నవారి ఇళ్ళలో ఈ అంకెలు ఇంకా గుర్తుండే ఉంటాయి.

పీఎం కిసాన్‌లో అర్హులను తేల్చేది రాష్ట్రం, డబ్బు వేసేది కేంద్రం, చేతికిచ్చేది మనం. మనలో చాలామందికి ఊళ్ళో పొలం ఉంది కాబట్టి ఒక మాట. ఆదాయపు పన్ను కట్టేవారికీ, ప్రభుత్వ రంగ ఉద్యోగులకూ ఈ పథకం వర్తించదు. కానీ ఇక్కడ కుటుంబమంటే భార్య, భర్త, మైనరు పిల్లలే. కొడుకు బ్యాంకు ఆఫీసరైనంత మాత్రాన ఊళ్ళో సేద్యం చేసుకునే తండ్రి అనర్హుడు కాడు, ఆయన తన పేరున పన్ను కట్టకపోతే, పది వేలూ ఆపైన పెన్షన్ రాకపోతే.

కోచింగ్ సెంటర్లు, అద్దె గదులతో నిండిన మా లక్ష్మీ నగర్‌లో రైతులెవరని అడగొచ్చు. ఇక్కడి కూలీలు, కాపలాదారులలో బిహార్, ఉత్తరప్రదేశ్ పల్లెల్లో అరెకరమో ఎకరమో ఉన్నవాళ్ళు ఎందరో. ఊరికి పోలేక, ఆ రెండు వేలు ఇక్కడే తీసుకోవచ్చా అని అడిగేవారు. ఖాతాకు ఆధార్ కలిసి ఉంటే వేలిముద్రతో దేశంలో ఎక్కడైనా తీసుకోవచ్చు.

అసలు చిక్కు మరోచోట ఉంది. మాకు దగ్గర్లోనే యమున ఒడ్డున, ఖాదర్ నేలల్లో, కూరగాయలు పండించే కుటుంబాలున్నాయి. ఆ నేల చాలావరకు ఢిల్లీ అభివృద్ధి సంస్థది. పీఎం కిసాన్ చూసేది భూమి రికార్డును. 2019 ఫిబ్రవరి 1 నాటికి పేరు అందులో ఉండాలి. నాగలి ఎవరు పట్టారన్నది దానికి అక్కర్లేదు. మా వీధి తోపుడుబండి మీదికి కూర పంపిన మనిషికి ఆ రెండు వేలు రాలేదు.

మన కౌలురైతుదీ అదే కథ. అప్పట్లో తెలంగాణ రైతుబంధు సీజనుకు ఎకరాకు 5,000 ఇచ్చినా, అది పట్టాదారుకే వెళ్ళేది. ఆంధ్రప్రదేశ్ కొంత వేరుగా వెళ్ళింది. అప్పటి రైతు భరోసా 13,500లో 7,500 రాష్ట్రం ఇచ్చేది, 6,000 పీఎం కిసాన్ నుంచి వచ్చేది. 2020 మే 15న రాష్ట్రం 5,500 వేసింది, ఏప్రిల్‌లో పడిన రెండు వేలతో కలిపి అది 7,500. భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకైతే మొత్తం 13,500 రాష్ట్రమే ఇస్తానంది. పాత బాకీలకు జమ చేసుకోకుండా అన్‌ఇన్‌కంబర్డ్ ఖాతాల్లో వేయమని మన బ్యాంకులకు గట్టిగా చెప్పింది కూడా. బాకీ వసూలు మన పనే అయినా, ఆ ఏడాది ఆ షరతు సబబేనని నా అభిప్రాయం.

అయితే కౌలుదారుకు సాగు హక్కు కార్డు కావాలి. 2019 చట్టం ప్రకారం అది పదకొండు నెలలకే, భూయజమాని సంతకంతోనే. సంతకం పెడితే పొలం చేజారిపోతుందేమోనని భయపడే యజమానులు, మన బంధువుల్లోనూ, తక్కువేం లేరు.