నీళ్ళలో రెండువందల గజాలు

హైదరాబాదు శివార్లలో 2006లో మేము 200 గజాల స్థలం కొన్నాం. మా ఆవిడ గాజులు నాలుగూ, నా ప్రావిడెంటు ఫండూ అందులోకే వెళ్ళాయి. దస్తావేజు కవరుకు పసుపుబొట్టు పెట్టి బీరువాలో దాచుకున్నాం. పండుగ సెలవులకు పిల్లలతో వెళ్ళి, నాలుగు హద్దురాళ్ళ నడుమ కూర్చుని పులిహోర తిని వచ్చేవాళ్ళం. వంటిల్లు ఏ మూల రావాలో కూడా అప్పుడే నిర్ణయమైపోయింది.

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానను ఊళ్ళో ఎవరూ మరిచిపోలేరు. నాలుగురోజులు పోయాక వెళ్ళి చూద్దును గదా, మా స్థలం లేదు! ఒక్క హద్దురాయి కొన మాత్రం నీళ్ళపైకి కనిపిస్తున్నది. పక్కనే ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు మేడమీదకెక్కి వండుకుంటున్నారు. మా అమ్మాయి సెల్లులో ఫోటో తీసింది. గేదెల్ని తోలుకుపోతున్న ముసలాయన ఆగి, “ఇది చెరువు శికం గద సారూ! మా నాయిన నీళ్లు దిగినంకనే ఈడ నాటేసేటోడు” అన్నాడు.

శికం అంటే ఏమిటో అప్పటిదాకా నాకు తెలియదు. చెరువు నిండితే మునిగే నేల అది. నీళ్ళు దిగాక ఒక పంట తీసుకునేటందుకు కొందరు రైతులకు అందులో పట్టాలున్నాయి. అసలు మెలిక ఇక్కడే వున్నది. పట్టా వుంది గనక అమ్మకం జరిగిపోతుంది. చెరువు గనక ఇల్లు కట్టరాదు. రిజిస్ట్రారు ఆఫీసువారు దస్తావేజు నమోదు చేస్తారే గాని, అక్కడ ఇల్లు లేపవచ్చునని పూచీ ఇవ్వరు. స్టాంపు పడింది గదా అని గుండెమీద చేయి వేసుకుని పడుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాదు కాబోలు.

ఆ తర్వాత చెరువుల సంగతి కాస్త చదివాను. దక్కనులో వెనకటివాళ్ళు ఎత్తునుంచి పల్లానికి చెరువుల్ని గొలుసుగా కట్టారు. పై చెరువు నిండి అలుగు పారితే, ఆ నీరు కాలువ వెంట కింది చెరువుకు చేరుతుంది. ఆఖరుకు మూసీలో కలుస్తుంది. నడుమ ఒక్క కాలువ పూడ్చి రోడ్డు వేస్తే ఆ నీరు ఎవరి నడవలోకో రావలసిందే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది పోయారు. ఎగువన రెండువందలకు పైగా చెరువులు తెగడం ఆ ఉపద్రవాన్ని పెంచింది. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభైమంది బతికారంటారు. అప్పుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. వరద ఊరిమీద పడకముందే ఎగువన ఆపాలన్నది ఆయన సలహా. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అలా పూర్తయినవే.

ఆ రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో నిర్మాణాలకు హద్దులు పెడుతూ 1996లో 111 నంబరు ఉత్తర్వు వచ్చింది. ఆ ఆంక్షలు తీసేస్తామంటూ 2022లో మరో ఉత్తర్వు వచ్చింది. నీటికి మాత్రం ఏ ఉత్తర్వూ అందినట్టు లేదు. మిగతా చెరువులకూ నిబంధన వున్నది: 25 ఎకరాలు, ఆపైన వుంటే నిండు నీటిమట్టం గీతనుంచి 30 మీటర్లు, చిన్నవైతే 9 మీటర్లు వదలాలి. ఆ గీతలున్న మ్యాపులు నగరాభివృద్ధి సంస్థ వద్ద దొరుకుతాయి. గ్రామం పేరు, సర్వే నంబరు తెలిస్తే పోల్చి చూసుకోవచ్చు. నేను చూసుకున్నాను. మా వంటిల్లు గీతకు లోపలే వుంది.

2023లో మా అమ్మాయి పెళ్ళి కుదిరింది. డబ్బు కావాలి. మా బావమరిది ఒక బేరం తెచ్చాడు. “ఎండాకాలం బావా! చక్కగా ఎండి, పగుళ్ళు తీసి వుంటుంది. నోరు మెదపకు” అన్నాడు. ఎవరో కుర్రవాడు, భార్య, చంకన పాప. స్థలం చూశారు, నచ్చింది. మర్నాడు బయానాతో మా ఇంటికి వచ్చారు. నిజం చెప్పాలంటే నేను నోరు మెదపలేదు. నన్నూ ఒకరు ఇలాగే ముంచారు గదా అనిపించింది.

మా ఆవిడ కాఫీతోబాటు కాగితాల కవరు తెచ్చి బల్లమీద పెట్టింది. దానిమీద 2020 నాటి ఫోటో, అచ్చు వేయించినది.

కుర్రవాడు చాలాసేపు చూశాడు. “ఇది ఎక్కడండీ?” అన్నాడు. చెప్పాను. అంతా చెప్పాను. లేచిపోతూ ఆ పాప తల్లి మా ఆవిడకు నమస్కారం పెట్టింది, నాకు పెట్టలేదు.

పెళ్ళి బ్యాంకు అప్పుతో గడిచింది. వాయిదాలు ఇంకా కడుతున్నాను. బావమరిది ఏడాదిపాటు మాట్లాడలేదు. 2024లో చెరువుల్లోని కట్టడాలను హైడ్రావారు కూలుస్తున్నప్పుడు, ఒకరోజు పొద్దున్నే ఫోను చేశాడు.

“బావా, ఆ మ్యాపు ఎలా చూడాలో కాస్త చెబుతావా? నేనూ ఒకటి కొన్నాను.”