బీచ్ హోమ్‌స్టేలో చెమ్మ వాసనా? ప్యూరిఫైయర్ కంటే ముందు ఇది చూడండి

వైజాగ్‌లో రుషికొండ, భీమిలి వైపు సముద్రానికి ఎదురుగా హోమ్‌స్టే బుక్ చేశారు. తలుపు తీయగానే చెమ్మ వాసన! చాలామందికి వెంటనే గుర్తొచ్చేది ఎయిర్ ప్యూరిఫైయరే. కానీ ఇక్కడ అసలు సమస్య దుమ్ము కాదు, తేమ.

హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల కణాలను కూడా 99.97 శాతం వరకు పట్టేస్తుంది. గాల్లో తేలే బూజు స్పోర్లు కూడా అందులో చిక్కుకుంటాయి. అయితే నీటి ఆవిరిని మాత్రం అది ఆపలేదు. తేమ అలాగే ఉంటే గోడల మీద, పరుపుల కింద బూజు మళ్లీ మళ్లీ వస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లకి ఇది మంచిది కాదు.

ఇంకో ట్విస్ట్ ఏంటంటే, చవక పీఎం 2.5 మీటర్లు కణాల మీద పడి చెదిరే లేజర్ కాంతిని బట్టి లెక్క కడతాయి. తేమ ఎక్కువైతే సముద్రపు ఉప్పు కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. దాంతో రీడింగ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు.

అందుకే ముందు ఒక చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ బ్యాగులో వేసుకోండి. రిలేటివ్ హ్యూమిడిటీ 60 శాతం దాటితే కిటికీలు మూసి, ఏసీని డ్రై మోడ్‌లో పెట్టండి. స్నానం తర్వాత ఎగ్జాస్ట్ ఫ్యాన్ కాసేపు తిరగనివ్వండి. తడి టవల్స్ గదిలో ఆరేయొద్దు. స్ప్లిట్ ఏసీ మామూలుగా గదిలోని గాలినే తిప్పుతుంది కాబట్టి, మధ్యమధ్యలో ఓ పది నిమిషాలు కిటికీలు తెరవండి.

మీరే హోమ్‌స్టే నడుపుతుంటే? ప్యూరిఫైయర్ కంటే ముందు డీహ్యూమిడిఫైయర్‌కి బడ్జెట్ పెట్టండి.