పాత పెట్రోలు కార్లలో ‘వేపర్ లాక్’: పల్నాటి ఎండల నేపథ్యంలో కారణాలు, నివారణ

1. ఉపోద్ఘాతం:
పల్నాడు జిల్లాలో గురజాల, మాచర్ల మధ్యనున్న రెంటచింతల రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ప్రాంతాలలో ఒకటి. వేసవిలో ఇక్కడ పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరడం కొత్త కాదు. ఇటువంటి ఎండలో కార్బురేటరు గల పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు నడుస్తూ నడుస్తూ మొరాయిస్తాయి. ఈ స్థితిని ‘గాలి పట్టింది’ అనడం కద్దు. డీజిలు ఇంజనుకు తగిన ఈ మాట ఇక్కడ వర్తించదు. పేరు తప్పితే మరమ్మతూ తప్పుతుంది. ఈ భేదాన్ని, నివారణ మార్గాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. గాలి వేరు, ఆవిరి వేరు:
డీజిలు గొట్టంలోకి బయటి గాలి చేరితే స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొట్టి దానిని బయటికి పంపాలి. వేపర్ లాక్‌లో బయటినుండి ఏదీ చేరదు. గొట్టంలోని పెట్రోలే మరిగి ఆవిరవుతుంది. పంపు ద్రవాన్ని నెట్టగలదు. ఆవిరి మాత్రం నొక్కినప్పుడు కుంచించుకుపోయి, వదిలినప్పుడు వ్యాకోచిస్తుందే తప్ప ముందుకు సాగదు. చల్లబడితే అదే ఆవిరి తిరిగి పెట్రోలవుతుంది. కనుక ఇక్కడ చేయవలసినది గాలి తీయడం కాదు, చల్లార్చడం. వేడెక్కిన ఇంజను పక్కన పెట్రోలు గొట్టం విప్పితే నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉంది.

3. కారణాలు:
పెట్రోలు అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. నీటికి వలె దానికి ఒకే మరుగుస్థానం లేదు; తేలికపాటి భాగాలు సుమారు 35-40 డిగ్రీల వద్దే మరగడం మొదలవుతుంది. ఈ కార్లలో పంపు సాధారణంగా ఇంజనుకే బిగించి ఉంటుంది. అది ట్యాంకు నుండి పెట్రోలును పీల్చేటప్పుడు గొట్టంలో పీడనం తగ్గుతుంది, దానితో మరుగుస్థానమూ తగ్గుతుంది. అందుకే ట్యాంకుకూ పంపుకూ మధ్య భాగంలో ఆవిరి సులభంగా పుడుతుంది. ఇంజను ఆపగానే ఫ్యాను, నీటి ప్రసరణ నిలిచిపోయి బానెట్ లోపలి వేడి కొంతసేపు పెరుగుతుంది. నరసరావుపేట నుండి మాచర్లకు వెళ్తూ గురజాలలో పావుగంట ఆపిన కారు తిరిగి కదలకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు.

ఇంధన స్వభావమూ ముఖ్యమే. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2796లో వేపర్ లాక్ సూచికకు వేసవిలో మిగతా నెలలకంటే తక్కువ పరిమితి విధించడం ఇందుకే. ఇథనాల్ మరుగుస్థానం 78 డిగ్రీలైనా, పెట్రోలులో కొద్దిపాటి పాళ్లలో కలిసినప్పుడు మిశ్రమం ఆవిరయ్యే గుణాన్ని పెంచుతుంది.

4. నివారణ:
అ. పెట్రోలు గొట్టాన్ని ఎగ్జాస్ట్ మానిఫోల్డుకు దూరంగా మళ్లించి, వేడి సోకే చోట ఉష్ణనిరోధక తొడుగు వేయాలి.
ఆ. కార్బురేటరు కింద బేకలైట్ వంటి వేడిని ప్రసరింపనీయని దిమ్మెను, మానిఫోల్డుకూ దానికీ నడుమ రేకు అడ్డును అమర్చాలి.
ఇ. రేడియేటరు, ఫ్యాను బెల్టు, ఇగ్నిషన్ టైమింగు సరిచూడాలి.
ఈ. ట్యాంకు దగ్గర విద్యుత్ పంపు అమర్చితే, పెట్రోలు పీడనంతో ముందుకు వస్తుంది, మరుగుస్థానం పెరుగుతుంది. ప్రమాదంలో దానంతట అదే ఆగే స్విచ్ తప్పనిసరి.
ఉ. కారు దారిలో ఆగిపోతే బానెట్ తెరిచి చల్లారనివ్వాలి. పెట్రోలు కారడం లేదని నిర్ధారించుకున్నాక పంపుపై తడిగుడ్డ వేయవచ్చు.

5. ముగింపు:
వేపర్ లాక్‌కు మూలం వేడి. నివారణ కూడా వేడిని అడ్డుకోవడంలోనే ఉంది. ‘ఆవిరి అడ్డు’ అనే మాట ఈ కార్యకారణ సంబంధాన్ని స్పష్టంగా చెబుతుంది. సాంకేతిక పదాల కూర్పులో ధ్వనిసామ్యం కంటే ఇటువంటి అర్థస్పష్టత ముఖ్యం. మాట సరైనదైతే, మెకానిక్ చేయి గొట్టం విప్పడానికి బదులు తడిగుడ్డ కోసం వెళ్తుంది.