సంక్షిప్త సంకేతాలు – ఉభయ భాషల సేవ

ఉత్తరం పైభాగాన 786 అనే అంకె కనిపిస్తే, అబ్జద్ లెక్క తెలిసినవారికి బిస్మిల్లా వాక్యం మొత్తం స్ఫురిస్తుంది. శుభలేఖలో ‘చి.ల.సౌ.’ అని చూడగానే ‘చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి’ అని మనం పూర్తిగా చదువుకుంటాము. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసేవారు ‘స్నిప్పెట్’ అని పిలిచేదీ ఇటువంటి సంక్షిప్త సంకేతమే. రెండు మూడు అక్షరాలు వ్రాసి ట్యాబ్ మీట నొక్కితే, ముందుగా దాచి ఉంచిన పాఠమంతా తెరపై వెలుస్తుంది. 2004లో వెలువడిన టెక్స్ట్‌మేట్ అనే ఎడిటరు ఈ పద్ధతికి ప్రచారం తెచ్చింది. మైక్రోసాఫ్ట్ వారి విజువల్ స్టూడియో కోడ్ అదే రీతిని అనుసరిస్తున్నది.

ఉర్దూ, తెలుగు రెండూ వ్రాసే మాకు దీని అవసరం అధికం. 2022లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఉర్దూను రెండవ అధికార భాషగా స్వీకరించింది. అయితే వెబ్ పేజీలో ఉర్దూ పేరాకు ‘కుడి నుండి ఎడమకు’ అనే దిశను మనమే తెలపాలి. మరచిన యెడల పేరా ఎడమ అంచుకు చేరుతుంది. ఉర్దూ వాక్యం నడుమ ‘తలుపుల’ అని తెలుగులో వ్రాస్తే, ఆ మాటకు ముందున్న భాగం వెనుకకూ, వెనుకనున్న భాగం ముందుకూ మారి అర్థం చెడుతుంది. భాష పేరును, దిశను ఒకే స్నిప్పెట్‌లో బంధిస్తే ఈ మరపుకు తావుండదు.

ఎడిటరుకు తోడయ్యే ప్లగిన్‌లో దీనిని చేర్చే విధానం కష్టమైనది కాదు. మొదట ‘జేసన్’ పద్ధతిలో ఒక ఫైలు సిద్ధం చేయాలి. అందులో ప్రతి స్నిప్పెట్‌కు పేరు, పిలుపు అక్షరాలు, పాఠం, వివరణ ఉంటాయి. పాఠంలో డాలరు గుర్తు ప్రక్కన 1, 2 అని వేసిన చోట్ల కర్సరు వరుసగా ఆగుతుంది. 0 వేసిన చోట చివరకు నిలుస్తుంది. పాఠం లోపల వచ్చే జంట కొటేషన్ గుర్తుకు ముందు బ్యాక్‌స్లాష్ తప్పనిసరి. అది లోపిస్తే ఫైలు సరిగా చదువబడదు. తరువాత ప్లగిన్ యొక్క ‘ప్యాకేజ్’ ఫైలులో, ఈ స్నిప్పెట్లు ఏ కంప్యూటరు భాషకు చెందినవో, ఫైలు ఎక్కడ ఉన్నదో నమోదు చేసి, ఎడిటరును మరల తెరవాలి.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. స్నిప్పెట్‌లో దొర్లిన ఒక్క దోషం దానిని వాడిన ప్రతి పేజీకీ వ్యాపిస్తుంది. కనుక విద్యార్థి మిత్రులు మొదట పూర్తి పాఠాన్ని స్వహస్తంతో వ్రాసి, అర్థం గ్రహించి, సరిచూచుకొన్న పిమ్మటనే సంక్షిప్తం చేయాలని మా మనవి. విస్తరించి చెప్పగలిగినవాడే సంక్షేపించడానికి అర్హుడు.