పన్నెండు మందికి మరణం, పదమూడు మందికి విముక్తి

హత్య చేసినవాడికి మరణమే తగిన శిక్ష అంటే మనలో చాలామంది వెంటనే అవునంటారు. నిరపరాధి ప్రాణం తీసినవాడి పట్ల ఆగ్రహం కలగడం సహజం. దానిని మేము తప్పుపట్టడం లేదు. అయితే తాను చంపబోతున్న మనిషే హంతకుడని ప్రభుత్వానికి నిశ్చయంగా తెలుసా అన్నది వేరే ప్రశ్న. అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రం ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి పూనుకొని, చివరకు 2011లో మరణశిక్షనే రద్దు చేసుకొన్నది.

1977లో ఆ రాష్ట్రం మరణశిక్షను పునరుద్ధరించింది. 2000 సంవత్సరం నాటికి అక్కడ పన్నెండు మందికి ఆ శిక్ష అమలు జరిగింది. అదే కాలంలో, మరణశిక్ష పడిన మరో పదమూడు మంది దోషులు కారని తేలి విడుదలయ్యారు. వారిలో ఒకరికి 1998లో శిక్ష అమలు కావడానికి రెండు రోజులు మాత్రమే మిగిలి ఉండగా, అతని మానసిక స్థితిపై సందేహం రావడంతో న్యాయస్థానం నిలుపుదల చేసింది. ఆ వ్యవధిలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలోని జర్నలిజం విద్యార్థులు తమ ఆచార్యునితో కలిసి కేసును తిరగదోడారు. సాక్షి మాట మార్చాడు, మరొక వ్యక్తి నేరం ఒప్పుకొన్నాడు, ఖైదీ విడుదలయ్యాడు. విచిత్రమేమంటే, ఆ రెండవ వ్యక్తి ఒప్పుకోలు కూడా నమ్మదగినది కాదన్న సందేహంతో 2014లో అతనినీ విడిచిపెట్టారు. 1982 నాటి ఆ జంట హత్యలు ఎవరు చేశారో చట్టం ఈనాటికీ తేల్చి చెప్పలేకపోయింది. కానీ ఒక మనిషిని చంపడానికి మాత్రం తేదీ ఖరారు చేయగలిగింది!

పొరపాటు ఒక్క కేసుకు పరిమితం కాలేదు. 1999లో చికాగో ట్రిబ్యూన్ పత్రిక దాదాపు మూడు వందల కేసులను పరిశీలించింది. ముప్పైమూడు కేసులలో ముద్దాయి తరపున వాదించినవారు వృత్తి నుండి బహిష్కరణకో, సస్పెన్షన్‌కో గురైన న్యాయవాదులు. నలభైఆరు కేసులలో తోటి ఖైదీల సాక్ష్యాన్ని వాడుకొన్నారు. తమకు కొంత మేలు జరుగుతుందన్న ఆశతో ఖైదీ చెప్పే సాక్ష్యానికి ఉన్న విలువ ఎంతో వేరుగా చెప్పనక్కరలేదు. ఇక చికాగోలో జాన్ బర్జ్ అనే పోలీసు అధికారి, అతని కింది సిబ్బంది చిత్రహింసలతో నేరాంగీకారాలు రాబట్టారు. ఆ హింసల విషయమై ప్రమాణం చేసి అబద్ధమాడినందుకు 2010లో న్యాయస్థానం అతనిని దోషిగా నిర్ణయించింది.

2000 జనవరిలో మరణశిక్షల అమలును నిలిపివేసిన గవర్నరు జార్జ్ ర్యాన్ ఆ శిక్షకు విరోధి కాడు. 1977లో శాసనసభ్యునిగా దానికి అనుకూలంగా ఓటు వేసినవాడే. (తరువాతి కాలంలో ఆయనే అవినీతి కేసులో జైలుకు వెళ్ళాడు, అది వేరే కథ.) 2003లో పదవి వీడబోయే ముందు నలుగురు ఖైదీలకు పూర్తి క్షమాభిక్ష ప్రసాదించి, మరునాడు మిగిలిన 167 మంది మరణశిక్షలను తగ్గించాడు. హతుల కుటుంబాలు చాలావరకు ఆగ్రహించాయి. ఆ బాధను తేలికగా కొట్టివేయడం అన్యాయం.

మన దేశం సంగతి చూద్దాం. 2002లో గాంధీనగర్‌లోని అక్షరధామ్ ఆలయంపై జరిగిన దాడి కేసులో ముగ్గురికి ప్రత్యేక న్యాయస్థానం మరణశిక్ష విధించింది, 2010లో గుజరాత్ హైకోర్టు ఖాయం చేసింది. 2014 మే 16న, దేశమంతా ఎన్నికల ఫలితాలు చూస్తున్న రోజున, సుప్రీంకోర్టు ఆ కేసులోని ఆరుగురినీ నిర్దోషులుగా ప్రకటించింది. పోలీసుల ముందు ఇచ్చినట్లు చూపిన ఒప్పుకోళ్ళను నమ్మలేదు. మరణశిక్ష పడిన ముగ్గురు అప్పటికి పదేళ్ళకు పైగా జైలులో గడిపారు. అక్కడ చికాగోలో నల్లజాతివారు, ఇక్కడ మనవారు. ఆలయంలో ప్రాణాలు కోల్పోయినవారి కుటుంబాలకు సైతం దీనివల్ల న్యాయం జరగలేదు.

పాఠకులలో కొందరికి ఒక సందేహం కలుగవచ్చు: ఖిసాస్‌ను దివ్యఖుర్ఆన్ విధించింది కదా, ముస్లింలు మరణశిక్ష రద్దును ఎలా సమర్థిస్తారు? ఖిసాస్‌ను ప్రస్తావించిన చోటనే క్షమాపణకూ రక్తపరిహారానికీ ద్వారం తెరిచి ఉన్నది. క్షమించే హక్కు హతుని వారసులది. సందేహానికి తావున్న చోట హద్దు శిక్షలు విధించరాదన్నది మన ధర్మవేత్తల ప్రసిద్ధ సూత్రం. మన దేశ చట్టంలో హతుని తల్లి హంతకుని క్షమించినా కేసు ఆగదు. లంచానికి లొంగే దర్యాప్తు, పేదవానికి దక్కని న్యాయవాది, దెబ్బలతో రాబట్టిన ఒప్పుకోలు ఉన్న చోట ఖిసాస్ షరతులు ఎక్కడ నెరవేరుతున్నాయి? ఖిసాస్‌ను కాదనడం మా ఉద్దేశం కాదు. దాని పేరు చెప్పి ఈ యంత్రాంగం చేతిలో మనుషుల ప్రాణాలు పెట్టడాన్నే కాదంటున్నాము.

ఇలినాయ్‌లో పది సంవత్సరాలకు పైగా కమిషన్లు, సంస్కరణలు నడిచాయి. అయినా పొరపాట్లకు ఆస్కారం లేని విధానం సాధ్యపడలేదు. విముక్తుల సంఖ్య ఇరవైకి చేరింది. 2011 మార్చి 9న గవర్నరు ప్యాట్ క్విన్ రద్దు చట్టంపై సంతకం చేశాడు. మరణశిక్ష కేసుల కోసం కేటాయించిన నిధిలో మిగిలిన సొమ్మును ఆ చట్టం రెండు పనులకు మళ్ళించింది: ఒకటి పోలీసుల శిక్షణ, రెండవది హత్యకు గురైనవారి కుటుంబాలకు సేవలు.